పడుగు దాటని బండి

వెంకటనర్సమ్మ పోయిన రోజు ఆదివారం. బడి లేదు కాబట్టి నేను వాడలోనే ఉన్నాను.

పొద్దున్నే పడుగు పరిచాం. మా సాలెవాడలో వీధి నడుమ కర్రలు నిలబెట్టి, వాటి మీద నూలు పోగులు చాచి, గంజి పెట్టి, ఆరేదాకా కుంచెతో దువ్వుతారు. మధ్యలో వదిలేస్తే పోగు పోగుకు అతుక్కుపోతుంది. ఆ తరువాత విడదీయడం ఎవరి వల్లా కాదు. ఆ రోజు మూడిళ్ళ పడుగులు వరసగా ఉన్నాయి. ఎండ ముందుగా పడే వాడ మొదట్లో ఉన్నది మాది. నాలుగు చీరల నూలు. నా భార్య వెంకటనర్సమ్మ చేతి పని.

పడుగు పరిచి ఉంటే మా వాడలోకి బండి రాదు. ఎడ్లబండి రాదు, టాంగా రాదు, పెళ్ళి ఊరేగింపు రాదు. శవాన్ని కూడా సంత మైదానం మీదుగా చుట్టు తిప్పి తీసుకుపోతారు. రాకూడదని ఎవరూ రాసిపెట్టలేదు. దాటాలని ఎవరికీ తోచదు, అంతే.

ఎనిమిది గంటల వేళ ఫైరింజన్ గంట వినిపించింది. ఊరికి ఉన్నది ఒక్క ఇంజన్. రాష్ట్రాలు కలిసిన మరుసటి ఏడు వచ్చింది. దాని మీది మనుషులకు లీడర్ నా తమ్ముడు పరమేశ్వర్. ఆ బండి వాడ మొదట్లో, మా పడుగుకు రెండు బారల దూరంలో ఆగింది. మేం మూడు పడుగులూ ఎత్తి గోడవారకు చేర్చేదాకా అక్కడే ఉంది. ఇద్దరు మనుషులు బకెట్లతో గోడ వెంబడి పరుగెత్తారు. ఉన్న రెండు నీళ్ళ గొట్టాలూ కలిపినా వాడలో సగం దూరం రావు. మూడో గొట్టం కావాలని పరమేశ్వర్ ఏడాదిగా పైకి రాస్తూనే ఉన్నాడు.

ఐదు నిమిషాలు ఆగిందని కొందరంటారు. పది అని కొందరు. కాలుతున్న ఇల్లు వాడ చివర ఉంది. అది మాది.

పడుగు చెడిపోలేదు. వెంకటనర్సమ్మ పోయింది.

*

దినాలు అయి రెండు రోజులైంది. మేమంతా పరమేశ్వర్ క్వార్టర్‌లో ఉన్నాం. ఫైర్ స్టేషన్ అంటే పాత బండ్ల కొట్టం. దాని వెనక మునిసిపాలిటీ వాళ్ళు కట్టించిన రెండు గదులే క్వార్టర్. ముందు గదిలో నేనూ మా అమ్మా. లోపలి గదిలో పరమేశ్వర్, అతని భార్య యాదమ్మ. ఆ రోజు ఎత్తిన మా పడుగు చుట్ట ముందు గది కొయ్యకు వేలాడుతోంది. ఎవరు తెచ్చి తగిలించారో నాకు తెలియదు. తీయమని నేను అనలేదు.

వెంకటనర్సమ్మ తమ్ముడు ఐలేశం ఇంకా ఆత్మకూరు తిరిగి పోలేదు. ఇంట్లోకి రాడు. వాకిట్లో బండ మీద కూర్చుంటాడు. యాదమ్మ పళ్ళెంలో అన్నం పెట్టి పంపితే ముట్టుకోడు. బస్సుల దగ్గరి హోటల్లో తిని వచ్చి మళ్ళీ అదే బండ మీద కూర్చుంటాడు. పదమూడు రోజులుగా అతను నాతో మాట్లాడినవి పది మాటలు కూడా ఉండవు.

ఆ శనివారం పొద్దున మాత్రం గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"బావా, కాయితం రాసుడు అయిందా?"

"ఒక్కటి మిగిలింది."

"నాకు గా ఒక్కటే కావాలె."

హైదరాబాదు నుంచి విచారణకు ఒక అధికారి వస్తున్నాడు. సోమవారం పది గంటలకు మునిసిపల్ ఆఫీసులో కూర్చుంటాడు. అంతకుముందే చూసినవాళ్ళందరికీ ప్రశ్నల కాగితం పంపారు. పన్నెండు ప్రశ్నలు. పదకొండింటికి జవాబులు రాశాను. మంట ఎక్కడ మొదలైంది, ఏ వేళకు, ఇంటి కప్పు దేనిది, మనుషులెందరు. ఎనిమిదో ప్రశ్న ఒక్కటే మిగిలింది. ఇంజన్ వాడ మొదట్లో ఎందుకు ఆగింది? ఎవరి సైగ మీద ఆగింది?

పంతొమ్మిదేళ్ళుగా నేను పిల్లలకు ప్రశ్నపత్రాలు ఇస్తున్నాను. రాని ప్రశ్నను వదిలెయ్యకండి, తెలిసినంత రాయండి అని చెబుతుంటాను.

లోపలి నుంచి యాదమ్మ వచ్చింది. చేతికి పిండి అంటుకుని ఉంది.

"బావ సర్కారుకు రాస్తున్నడు ఐలేశమన్నా. నీకు రాస్తలేడు."

"సర్కారుకే రాయమంటున్న. నా అక్క కాలిపోతుంటె నీ మొగడు నూలు చూసుకుంట నిలవడ్డడు. గంతే రాయమను. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు."

ఐలేశం కొట్టం వైపు చూశాడు. ఇంజన్ ముందు పరమేశ్వర్ గొట్టం మూతి ఇత్తడిని బట్టతో తుడుస్తున్నాడు. వినిపించేంత దూరంలోనే ఉన్నాడు.

"గంట కొట్టుకుంట వచ్చి నిలవడేదానికి గింత పెద్ద బండెందుకు? బర్రెకు గంట కట్టుకుంటె పాలన్న ఇచ్చు."

పరమేశ్వర్ తుడవడం ఆపలేదు. ఒకే చోటును మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నాడని మాత్రం చూశాను.

"ఆయినె ఉత్తగ నిలవడలేదు," యాదమ్మ అంది. గొంతు పెంచలేదు. "చెయ్యి ఎత్తి ఆపింది ఎవరో మీ బావనే అడుగు."

ఆ మాట ఇంట్లో అప్పటిదాకా ఎవరూ అనలేదు. వాడలో అనుకుంటున్నారని నాకు తెలుసు. బావి దగ్గర ఆడవాళ్ళు నన్ను చూసి ఆపేసిన మాటల్లో అది ఉందని తెలుసు. పైకి అంటుంటే వినడం వేరు.

పరమేశ్వర్ బట్ట పక్కన పెట్టి వచ్చాడు.

"లోపటికి పో యాదమ్మా."

"పోను. నీ కొలువు పోతె గీ రెండర్రలు గూడ పోతయి. అత్తను యాడ పండవెడ్దాం? బావను యాడ ఉంచుదాం? అందరు ఒగలి మొఖం ఒగలు చూసుకుంట సోమవారం దాంక కూసుందామా?"

ఆమె లోపలికి పోలేదు. ఐలేశం నన్ను చూస్తున్నాడు. నేను నా కుడిచేతిని చూసుకున్నాను. సుద్ద పట్టుకుని పట్టుకుని చూపుడువేలు పక్కన కాయ కాసి ఉంది.

మంచం మీద మా అమ్మ మల్లమ్మ కూర్చుని ఉంది. ఆమె కళ్ళద్దాలు కాలిన ఇంట్లోనే పోయాయి. అప్పటి నుంచి గొంతు బట్టి మనుషుల్ని పోల్చుకుంటోంది. మాటలు ఆగిపోయాక ఎవరు ఎక్కడున్నారో తెలియక, అటూ ఇటూ తల తిప్పింది.

"ఎవరన్న మాట్లాడున్రి," అంది.



*

నాకు గుర్తున్నంతవరకు రాస్తాను.

మా ఇంటి పక్కన సిద్దిరాములు రంగుల కొట్టం ఉంది. రోజూ ఆ వేళకు కాగుల కింద పొయ్యిలు మండుతాయి. వాడ చివర పొగ లేవడం మాకు పొద్దు పొడవడం లాంటిది. ఆ రోజు పొగ ఎక్కువగా ఉందని మాకెవరికీ అనిపించలేదు. గుట్ట మీది దర్గా దగ్గర నుంచి ఎవరో చూసి స్టేషన్‌కు పరుగెత్తారు. మా ఇల్లు కాలుతోందన్న సంగతి ఊరికి తెలిశాక మాకు తెలిసింది.

గంట వినిపించినప్పుడు నా చేతిలో కుంచె ఉంది. బండి మలుపు తిరిగింది. నేను చెయ్యి ఎత్తానంటున్నారు. ఎత్తే ఉంటాను. తరగతిలో అరవై మంది గోల చేస్తుంటే నేను మాట్లాడను. అరచెయ్యి ఎత్తుతాను. గది సద్దుమణుగుతుంది. ఎత్తాలని అనుకుని ఎత్తేది కాదు అది.

ఆ చెయ్యి ఏం చెప్పింది? ఆగు, పడుగు ఎత్తుతాం అనా? దారి ఇటు కాదు, మైదానం మీదుగా పో అనా? త్వరగా రా అనా? అప్పుడు నా మనసులో ఏముందో ఇప్పుడు వెతికితే పడుగు కనిపిస్తోంది, గంజి వాసన తగులుతోంది. ఇంకేమీ దొరకడం లేదు.

పరమేశ్వర్ హైదరాబాదులో ఆరు నెలలు శిక్షణ పొంది వచ్చినప్పుడు అక్కడ నేర్పినవన్నీ అన్నం తింటూ మాకు చెప్పేవాడు. వెంకటనర్సమ్మ వడ్డిస్తూ వినేది. మంట దగ్గర మంది చేతులు ఊపుతారట, లీడర్ అవి చూడకూడదట. డ్రైవర్ లీడర్ మాట వినాలట, లీడర్ ఎవరి మాటా వినకూడదట. "మరి మీ అన్న చెప్తె?" అని ఆమె అడిగింది. "అన్న చెప్పినా వినొద్దట వదినే," అన్నాడు. ఆమె నవ్వింది. "నువ్వు ఆయిన మాట ఇనకుండ ఉంటవా? చూస్త గద నేను," అంది.

అతనికి ఎనిమిదేళ్ళప్పుడు ఆమె మా ఇంటికి కోడలిగా వచ్చింది. మాకు పిల్లలు లేరు. తల దువ్వి బడికి పంపింది అతన్నే.

*

మధ్యాహ్నం సిద్దిరాములు వచ్చి పోయాడు. వాడ పెద్దగా వచ్చాడు. మంట పుట్టిన పొయ్యి తనదైనందుకు రోజూ పశ్చాత్తాపపడుతున్నానని ముందు చెప్పాడు. తరువాత అసలు సంగతి చెప్పాడు. పడుగు అడ్డం ఉంది కాబట్టి బండి ఆగిందని నేను రాస్తే, సర్కారు బండికి అడ్డుపడ్డారని వాడ మీద కేసు అవుతుందట. మూడిళ్ళ మగవాళ్ళూ పోలీసుల చుట్టూ తిరగాలట. ఆ మూడిళ్ళలో మొదటిది నాదేనని అతను అనలేదు. నేనూ అనలేదు. ఏం రాయాలో మాత్రం చెప్పలేదు. ఏం రాయొద్దో చెప్పి, చెప్పులు వేసుకుని పోయాడు.

నేను కొట్టంలోకి వెళ్ళాను. చోటే మియా ఇంజన్ పక్కన ముక్కాలిపీట వేసుకుని చాయ్ తాగుతున్నాడు. బండి నడిపేది అతనే. పరమేశ్వర్ కంటే పదేళ్ళు పెద్ద. పొద్దున ఇంజన్ లేవకపోతే ముసలిదానికి చాయ్ పడలేదని నవ్విస్తుంటాడు. ఆ రోజు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. పీట నాకు తోశాడు.

"సార్, డ్రైవర్‌కు కాయితం పంపలేదు. నన్ను ఎవరు అడుగుతలేరు."

"ఏం చెప్తవు అడిగితె?"

అతను గ్లాసు మడ్‌గార్డు మీద పెట్టాడు.

"మా అమ్మ లాడ్లీ బేగం మీ వాడలనే కండెలు చుట్టేది. నన్ను తీస్కవోయి అరుగు మీద కూసోవెట్టేది. పడుగు దిక్కు పోతె చెవి పట్టి గుంజేది. గిప్పటికి గూడ గీ చెవి జర పెద్దగుంటది, చూడున్రి." చెవి ముట్టుకుని చూపించాడు. నవ్వబోయి మానుకున్నాడు. "మల్పు తిరంగనె పడుగు కనవడ్డది. నా కాలు బ్రేక్ మీద పడ్డది. పరమేశ్వర్ చెప్పంగ తొక్కలేదు. మీరు చెయ్యెత్తంగ తొక్కలేదు. నా కాలు నన్ను అడగలేదు సార్."

"నేను చెయ్యి ఎత్తిన్నా?"

అతను చాలాసేపు ఆలోచించాడు. అబద్ధం చెప్పాలా అని కాదు. గుర్తు తెచ్చుకుంటున్నాడు.

"ఎత్తిన్రు. చేతుల కుంచె ఉండె. కాని అప్పటికే బండి ఆగింది."

"పరమేశ్వర్ ఏమన్నడు?"

"ఆపుమన్నడు."

"ఎప్పుడు?"

"ఆగినంక," అన్నాడు చోటే మియా. "బండి ఆగినంక ఆపుమన్నడు."

నేను పీట మీద కూర్చున్నాను. కూర్చుంటే ఏమైనా తేటపడుతుందేమో అనుకున్నాను. పొద్దున నా చెయ్యి ఒక్కటే ఉంది. ఇప్పుడు ఒక కాలు, ఆగిన తరువాత వచ్చిన ఒక మాట కూడా చేరాయి. చోటే మియా చెప్పింది నిజమైతే నా చెయ్యికి ఏ పాపమూ లేదు. ఆ మాట వినగానే నాకు తేలిక అనిపించి ఉండాలి. అనిపించలేదు. నా కోసం చెబుతున్నాడేమో అనిపించింది. పరమేశ్వర్ కోసమేమో అని కూడా అనిపించింది. అతనికి నలుగురు ఆడపిల్లలు. ఈ మాట ఆఫీసులో చెబితే ముందు పోయేది అతని కొలువే.

"గిది రాయున్రి సార్," అన్నాడు. "నాకు రాయరాదు."

*

సాయంత్రం కాకముందే గంట మోగింది. పత్తి మిల్లు వెనక గడ్డివాములు అంటుకున్నాయని మిల్లు మనిషి సైకిల్ మీద వచ్చి చెప్పాడు.

విచారణ నడుస్తున్నా పరమేశ్వర్‌ను పనిలోంచి ఆపలేదు. ఆపితే బండి ఎక్కేవాడు లేడు. స్టేషన్ ఆఫీసర్ బదిలీ అయి పద్నాలుగు నెలలైంది. ఆ కుర్చీలోకి ఎవరూ రాలేదు. పేరు లేకుండా పెద్దరికం మోస్తున్నాడు నా తమ్ముడు.

గంట మోగితే అతను ఏ పనిలో ఉన్నా మూడు అంగల్లో బయట ఉండేవాడు. ఆ రోజు బెల్టు బిగించుకుంటూ ముందు గదిలోకి వచ్చాడు. గడపలో ఐలేశం నిలబడి ఉన్నాడు.

"గీసారి యాడ ఆగుతవ్?" అన్నాడు ఐలేశం.

పరమేశ్వర్ ఆగిపోయాడు.

బయట ఇంజన్ స్టార్ట్ అయింది. మనుషులు ఎక్కుతున్న చప్పుడు. చోటే మియా ఒకసారి హారన్ కొట్టాడు. పరమేశ్వర్ గడప వైపు చూడలేదు. తిరిగి నన్ను చూశాడు. అప్పుడతని ముఖంలో ఎనిమిదేళ్ళ పిల్లవాడు కనిపించాడు.

"అన్నా," అన్నాడు. "పొమ్మంటున్నవా, ఆగుమంటున్నవా?"

అతను ఎందుకు అడుగుతున్నాడో నాకు అర్థం కాలేదు. ఒక్క క్షణం తరువాత చూసుకున్నాను. నా కుడిచెయ్యి లేచి ఉంది. అరచెయ్యి అతని వైపుంది. ఎప్పుడు ఎత్తానో నాకు తెలియదు.

యాదమ్మ చూసింది. ఐలేశం చూశాడు. అమ్మ ఒక్కతే చూడలేదు.

నేను చెయ్యి దించాను. "పో," అన్నాను. నోటితో అన్నాను, వినిపించేటట్టు. "పో పరమేశం."

ఐలేశం పక్కకు జరిగాడు. బండి పోయింది. గంట చప్పుడు బస్సుల దారి పట్టి, మిల్లు వైపు మళ్ళి, వినిపించకుండా పోయింది.

ఐలేశం గడప మీదే కూర్చున్నాడు. పదమూడు రోజుల్లో అతని ఒళ్ళు ఆ ఇంటికి తగలడం అదే మొదటిసారి. తల వంచుకుని అరచేతులు రుద్దుకున్నాడు. యాదమ్మ ఒక చెంబు నీళ్ళు తెచ్చి అతని పక్కన పెట్టి, లోపలికి పోయింది. అతను తాగలేదు. దూరంగా జరపనూ లేదు.

*

"ధర్మయ్యా," అంది అమ్మ.

మంచం దగ్గరికి వెళ్ళాను. ఆమె నా చేతిని వెతికి పట్టుకుంది. కుడిచెయ్యే దొరికింది.

"అందరు గీ చెయ్యి గురించే కొట్లాడుతున్నరు. నాకు తెల్వదు బిడ్డా. నాకు కండ్లు ఆనలేదు. కాని నాకు చెవులున్నయి."

ఆమె తొందరగా చెప్పే మనిషి కాదు.

ఆ రోజు వెంకటనర్సమ్మే ఆమెను రెక్క పట్టి బయటికి తెచ్చి ఎదురింటి అరుగు మీద కూర్చోబెట్టింది. ఇది అందరికీ తెలుసు. నా కాగితంలో ఐదో జవాబు అదే. ఆ తరువాత ఆమె మళ్ళీ లోపలికి ఎందుకు పోయిందో ఎవరికీ తెలియదు. మగ్గం మీది చీర కోసమని ఐలేశం అంటాడు. బయట ఉన్న పడుగు కోసం బండి ఆగిందనీ, లోపల ఉన్న చీర కోసం అక్క పోయిందనీ, ఈ కులం నూలుకే పుట్టిందనీ దినాల నాడు అందరి ముందూ అన్నాడు. నేను కాదనలేదు. నాకు వేరే కారణం తెలియదు.

"బండి గంట ఇనవడ్డది," అంది అమ్మ. "అది ఇని నర్సమ్మ నవ్వింది. అంత పొగల నవ్వింది. 'మన పరమేశం వచ్చిండత్తా, ఇగ ఫికర్ లేదు' అన్నది."

గడప మీద ఐలేశం తల ఎత్తాడు.

"నేను అద్దాలన్న," అంది అమ్మ. "నా అద్దాలు గూట్లనే ఉన్నయి గదనే అన్న. తెమ్మని అనలేదు ధర్మయ్యా. ఉన్నయి గదనే అన్న, అంతే. 'బండి వచ్చింది గదత్తా, జర సేపట్ల తెస్త' అన్నది. పోయింది."

నా చేతిని వదిలింది.

"బండి రాకుంటె ఆ పిల్ల పోకపోవు," అంది. "బండి వచ్చిందనే పోయింది."

ఐలేశం లేచి నిలబడ్డాడు. అమ్మ ముఖం చూశాడు. ఆమె చూపు అతను ఉన్న చోటుకు కొంచెం పక్కగా ఉంది. చెంబు తీసుకుని వాకిట్లోకి పోయాడు. తాగాడో పారబోశాడో నేను చూడలేదు.

ఈ సంగతి ఇంతకాలం ఎందుకు చెప్పలేదని నేను అమ్మను అడగలేదు. పదమూడు రోజులుగా ఆమెకు అద్దాలు లేవు. ఇంట్లో ఒక్కరమూ కొత్తవి చేయిస్తామని అనలేదు. ఆమె కూడా అడగలేదు. ఎందుకు అడగలేదో ఇప్పుడు తెలిసింది.

*

దీపాలు పెట్టే వేళకు పరమేశ్వర్ తిరిగి వచ్చాడు. తడిసి ఉన్నాడు. చొక్కా నిండా గడ్డి నుసి. మూడు వాముల్లో ఒకటి దక్కిందని చెప్పాడు. ఎవరూ అడగకుండానే, దారిలో ఎక్కడా ఆగలేదని కూడా చెప్పాడు.

తరువాత గోడ గూట్లోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. అతని జవాబుల కాగితం. పైకి పంపే ఏ రిపోర్టు అయినా ముందు నాకు చూపించడం అతని అలవాటు. ఎర్ర పెన్సిల్‌తో దిద్ది ఇస్తాను. మూడో గొట్టం కోసం రాసిన ఐదు ఉత్తరాలూ నేను దిద్దినవే.

చదివాను. ఎనిమిదో ప్రశ్న కింద రెండు వాక్యాలు ఉన్నాయి. ఇంజన్‌ను నేనే ఆపమన్నాను. ఎవరూ ఏ సైగా చేయలేదు.

రెండూ నిజం కావు. మొదటిది కాదని చోటే మియా చెప్పాడు. రెండోది కాదని నా చెయ్యి ఈ గదిలోనే చెప్పింది. అది తీసుకుపోయి ఇస్తే అతని కొలువు పోతుంది, ఈ రెండు గదులు పోతాయి, అమ్మ మళ్ళీ ఇంకొకరి అరుగు మీద కూర్చుంటుంది. దాన్ని కొట్టివేయాలంటే నా కాగితంలో నేను ఇంకోటి రాయాలి. ఏది రాసినా ఒక మనిషి పేరు రాయాలి. పడుగు అని రాస్తే వాడ. కాలు అని రాస్తే చోటే మియా. చెయ్యి అని రాస్తే నేను. నా పేరు రాసుకోవడానికి నాకు భయం లేదనే అనుకుంటాను. కాని అది నిజమో, నాకు ఆ శిక్ష కావాలనిపించి రాస్తానో తేల్చుకోలేకపోతున్నాను.

అమ్మ చెప్పిన మాటకు ఆ పన్నెండింటిలో ప్రశ్నే లేదు.

"తప్పులున్నయా అన్నా?" అని అడిగాడు పరమేశ్వర్.

ఎర్ర పెన్సిల్ నా జేబులోనే ఉంది.

"బట్టలు మార్చుకో," అన్నాను. "జ్వరం వస్తది."

అతను కాగితం అక్కడే వదిలి లోపలికి పోయాడు. పోతూ పోతూ కొయ్యకు తగిలించిన పడుగు చుట్ట భుజానికి తగలకుండా పక్కకు వంగాడు. ఆ గదిలో మేమందరం అలాగే వంగి నడుస్తున్నాం.

సోమవారం పది గంటలకు అధికారి వస్తాడు. ఆ పడుగును ఎవరూ మగ్గానికి ఎక్కించలేదు. అమ్మకు అద్దాలు చేయించలేదు. నా కాగితంలో ఎనిమిదో ప్రశ్న కింద ఇంకా ఏమీ రాయలేదు.